బ్రేకులు బాగానే ఉన్నాయన్నారు: ఒక ఘాట్ రోడ్డు కేసు

డ్రైవింగ్ నేర్పడం నా వృత్తి. కొత్తగా స్టీరింగ్ పట్టేవాళ్లే కాదు, ఏళ్ల తరబడి బండి నడిపి ఏదో ఒక రోజు గట్టిగా భయపడినవాళ్లూ నా దగ్గరికి వస్తుంటారు. ఈ రెండో రకానికి నేర్పడం కష్టం. కాళ్లూ చేతులూ వాటంతట అవి చేసేసే పనులు ముందు మాన్పించాలి. ఈ కేసు అలాంటి ఒకాయనది. ఆయన సరేనన్నాకే రాస్తున్నాను. పేరు, ఊరు, కారు కంపెనీ కావాలనే వదిలేశాను.

ఆయనకి నలభై దాటాయి. పన్నెండేళ్లుగా సొంత కారు నడుపుతున్నారు. ఒక్క చలానా లేదు, బండికి ఒక్క గీత పడలేదు. ఐదు గేర్ల మాన్యువల్ పెట్రోల్ కారు, ముందు డిస్కు బ్రేకులు, వెనక డ్రమ్ము బ్రేకులు. ఆ రోజు కారులో ఐదుగురున్నారు, డిక్కీ నిండా సామాను. 12 కిలోమీటర్ల ఘాట్, పైనుంచి కిందికి 600 మీటర్ల దిగుడు. తొమ్మిదో కిలోమీటరు దగ్గర బ్రేకు పెడల్ నేలకి తగిలింది.

ఆ ఇరవై సెకన్లు

ముందు పెడల్ కాస్త మెత్తబడింది. "స్పాంజి మీద కాలేసినట్టుంది మాస్టారూ" అన్నారు. రెండు మలుపులు దాటేసరికి పెడల్ పూర్తిగా దిగిపోయింది, బండి మాత్రం ఆగలేదు. స్పీడు 45. కంగారులో ఫస్ట్ గేరు వెయ్యబోయారు. గరగరమని చప్పుడు తప్ప గేరు పడలేదు. వెనక సీట్లో నిద్రపోతున్న వాళ్ల నాన్నగారు ఆ చప్పుడుకి లేచి, "థర్డ్ వెయ్యరా, ముందు థర్డ్!" అని అరిచారు. పెద్దాయన వయసులో ఉండగా లారీ నడిపారట. థర్డ్ పడింది, ఇంజన్ అరిచింది, వేగం తగ్గింది. తర్వాత సెకండ్ వేశారు. హ్యాండ్‌బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా లాగారు. కొండ వైపు కాలవలోకి ముందు చక్రం దించి, బంపరు మట్టిగట్టుకి రాసుకుంటుండగా ఆపారు. ఎవరికీ దెబ్బల్లేవు.

ఆ స్థితిలో చెయ్యాల్సినవి దాదాపు అన్నీ చేశారు. వేగంలో ఉన్న బండికి ఫస్ట్ పడదు కాబట్టి ఒక్కో మెట్టూ దిగాలి. హ్యాండ్‌బ్రేకు ఒక్కసారిగా గుంజితే వెనక చక్రాలు బిగుసుకుని బండి తిరిగిపోతుంది. బటన్ నొక్కే ఉంచితే, జారుతున్నట్టు అనిపించగానే వదిలెయ్యొచ్చు. ఇక లోయ వైపా కొండ వైపా అన్న ప్రశ్నకి జవాబు ఎప్పుడూ కొండ వైపే. తాళం తిప్పి ఇంజన్ ఆపకపోవడం ఇంకో మంచి పని. ఆపి ఉంటే పవర్ స్టీరింగ్ బరువెక్కే ప్రమాదం ఉండేది. తాళం బయటికి లాగి ఉంటే స్టీరింగ్ లాక్ అయిపోయేది కూడా. మర్చిపోయినవి రెండే. పెడల్‌ని గబగబా నాలుగైదు సార్లు కొట్టి చూడాల్సింది, కొంత ప్రెషర్ తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. హారన్ నొక్కిపట్టి నాలుగు ఇండికేటర్లూ వెయ్యాల్సింది, ఎదురొచ్చేవాళ్లకి తెలిసేది.

మెకానిక్‌కి దొరకనిది

నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నారు. ఆ తర్వాత పెడల్ మామూలుగా గట్టిబడింది. మర్నాడు మెకానిక్ చక్రాలు విప్పి చూశాడు. ప్యాడ్లు, అంటే డిస్కుని నొక్కి పట్టే పలకలు, సగం పైనే అరగకుండా ఉన్నాయి, లీకు ఎక్కడా లేదు. "బ్రేకులు బాగానే ఉన్నాయి సార్, టెన్షన్‌లో సరిగ్గా తొక్కలేదేమో" అన్నాడు. ప్రమాదం కన్నా ఆ మాటే ఈయన్ని ఎక్కువ పీడించింది. నా దగ్గరికి వచ్చినప్పుడు అడిగిన మొదటి ప్రశ్న అదే: "నేను నిజంగానే తొక్కలేదంటారా?"

తొక్కారు. దోషం బ్రేక్ ఆయిల్‌లో ఉంది. అది గాలిలోని తేమని నెమ్మదిగా పీల్చుకుంటుంది, మూత బిగించి ఉన్నా సరే. డాట్ 3 రకం కొత్త ఆయిల్ కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230 నుంచి 155కి. అందుకే చాలా కార్ల మాన్యువల్స్‌లో రెండేళ్లకోసారి మార్చమని ఉంటుంది. ఈయన కారుకి ఐదేళ్లుగా మార్చినట్టు ఏ బిల్లులోనూ లేదు. పెన్నులాంటి టెస్టర్ తెప్పించి పెట్టి చూస్తే, నీటి శాతం 3 దాటి చూపించింది.

ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే నలగదు కాబట్టి కాలి ఒత్తిడి నేరుగా ప్యాడ్‌కి చేరుతుంది. ఆవిరి అలా కాదు, నలుగుతుంది. మన కాలి బలమంతా బుడగల్ని నలపడానికే అయిపోతుంది. చల్లారగానే ఆవిరి మళ్లీ ద్రవమై పెడల్ ఎప్పటిలా గట్టిబడుతుంది. మర్నాడు చూసే మెకానిక్‌కి అందుకే ఏమీ దొరకదు. అతన్ని తప్పుపట్టను. చక్రం విప్పితే కనపడే జబ్బు కాదిది.

కానీ నన్ను తొలిచిన ప్రశ్న వేరు. పాత ఆయిల్‌తో ఘాట్లు దిగే కార్లు చాలానే ఉంటాయి. అంత వేడి ఎక్కడి నుంచి వచ్చింది?

కాగితం మీద ఇద్దరం లెక్క వేశాం. బండీ మనుషులూ సామానూ కలిపి 1400 కిలోలు అనుకుందాం. అప్పటికి దిగింది 450 మీటర్లు. ఆ ఎత్తు నుంచి వచ్చే శక్తి 62 లక్షల జౌళ్ల దాకా తేలింది. ఇదే బండిని 100 కిలోమీటర్ల వేగం నుంచి ఒకసారి పూర్తిగా ఆపితే బ్రేకులు మింగేది దాదాపు 5 లక్షల 40 వేలు. అంటే 100 నుంచి సున్నాకి పదకొండు సార్లు ఆపినంత. ఇంకోలా చెప్పాలంటే, 20 లీటర్ల చన్నీళ్లని సలసలా మరిగించేంత వేడి. గాలీ, టైర్ల రాపిడీ ఓ మూడో వంతు మింగాయనుకున్నా మిగిలిన దాన్ని ఎవరో ఒకరు మొయ్యాలి. ఇంజన్ మొయ్యాలి, లేదా బ్రేకులు మొయ్యాలి. ఆయన కాగితం వంక చాలాసేపు చూశారు. "నేను సెకండ్, థర్డ్‌లోనే దిగాను కదా" అన్నారు.

డాష్‌క్యామ్‌లో విన్నది

కారులో డాష్‌క్యామ్ ఉంది, అంటే రోడ్డుని రికార్డు చేసే చిన్న కెమెరా. అది స్క్రీన్ మూల వేగం చూపిస్తుంది, లోపలి మాటలూ రికార్డు చేస్తుంది. మొత్తం వీడియో ఇద్దరం కూర్చుని చూశాం. చూశాం అనడం కన్నా విన్నాం అనాలి. అసలు సంగతి శబ్దంలో దొరికింది.

గేరులో దిగే బండి ఇంజన్ వేగంతో పాటు హెచ్చుతగ్గులతో మూలుగుతుంది. వీడియోలో చాలా చోట్ల ఆ మూలుగు లేదు. వేగం 30 నుంచి 48కి పెరుగుతున్నా ఇంజన్ మాత్రం సిగ్నల్ దగ్గర ఆగిన బండిలా ఒకే సన్నని గొంతుతో ఉంది. న్యూట్రల్. ఆయన ఒప్పుకోలేదు, వెనక్కి తిప్పి మళ్లీ విన్నారు, ఆ తర్వాత తన ఎడమ చేతి వంక చూసుకున్నారు. మలుపు దగ్గర గేరు వేస్తున్నారు, మలుపు దాటి రోడ్డు తిన్నగా అవగానే చెయ్యి దానంతట అదే న్యూట్రల్‌కి లాగేస్తోంది. పన్నెండేళ్లుగా ఫ్లైఓవర్ దిగేటప్పుడు, సిగ్నల్ దూరంగా కనపడ్డప్పుడు పెట్రోల్ మిగులుతుందని చేస్తున్న పనే అది.

మిగలదు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లలో గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే, ఒక వేగం పైన పెట్రోల్ సరఫరా ఆగిపోతుంది. చక్రాలే ఇంజన్ని తిప్పుతాయి. న్యూట్రల్ వేస్తే ఇంజన్ ఆగిపోకుండా పెట్రోల్ పోస్తూనే ఉండాలి. ఈ సంగతి విన్నప్పుడు ఆయన ముఖంలో కనపడ్డ బాధ, బ్రేకులు పోయిన కథ చెప్పినప్పుడు కూడా నేను చూడలేదు.

రెండోది, ముందు వెళ్తున్న బస్సు. ఘాట్ మొదలు నుంచి దాని వెనకే ఉన్నారు. బస్సుకీ మనకీ ఎంత గ్యాప్ ఉందో తెలియాలంటే, బస్సు వెనక భాగం ఒక తెల్ల రాయిని దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు" అని లెక్కపెట్టాలి. ఒకటి పూర్తయ్యేలోపే మన కారు ఆ రాయి దగ్గరికి వచ్చేస్తోంది. కనీసం రెండు సెకన్లు ఉండాల్సిన చోట ఒక్క సెకను కూడా లేదు. ఫలితం ఏంటంటే, బస్సు డ్రైవరు బ్రేకు ముట్టుకున్న ప్రతిసారీ ఈయన గట్టిగా తొక్కాల్సొచ్చింది. బస్సు లైట్లు వెలిగిన లెక్క తీస్తే తొమ్మిది కిలోమీటర్లలో అరవై దాటాయి. మిగతా సమయంలో కూడా ఏ క్షణాన అవసరమవుతుందోనని కాలు పెడల్ మీదే ఆనించి ఉంచారట. అలా ఆనించిన కాలు బ్రేకుల్ని ఆరనివ్వదు.

మూడోది చాలామంది పట్టించుకోనిది. ఏడో కిలోమీటరు దగ్గర ఆయన భార్య గొంతు వినిపిస్తుంది. "ఏవండీ, ఏదో మాడు వాసన." ఆయన జవాబు: "ముందు బస్సుదే. అద్దాలు ఎత్తెయ్యి." తర్వాత రెండు కిలోమీటర్లకి పెడల్ పోయింది. ఆ వాసన సొంత కారుది. అద్దాలు ఎత్తేశాక ఇక వాసన కూడా రాలేదు. ఘాట్ దిగేటప్పుడు మాడు వాసన వస్తే ముందు మన బండినే అనుమానించాలి. చదునైన చోటు చూసుకుని గేరులో పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డం వేసి, అరగంట పైన ఆరనివ్వాలి. ఎర్రగా కాగిన డిస్కు మీద నీళ్లు మాత్రం పొయ్యకూడదు, వంకరపోవచ్చు, పగలొచ్చు.

ఐదో కిలోమీటరు దగ్గర ఇంకో ముచ్చట ఉంది, బ్రేకులతో సంబంధం లేనిదే అయినా. ఒక కారే పట్టే ఇరుకు చోట ఎదురుగా ఇంకో కారు ఎక్కుతూ వచ్చింది. ఈయన లైట్లు కొట్టి దాన్ని వెనక్కి పంపించారు. "పన్నెండేళ్లలో ఎప్పుడూ నేను దారివ్వలేదని కాదు మాస్టారూ, అతను తగ్గాడు కాబట్టి వెళ్లాను" అన్నారు. ఎక్కే బండికి దారివ్వడం మర్యాద మాత్రమే కాదు, నియమం. రోడ్డు ట్రాఫిక్ మీద 1968లో వియన్నాలో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం 12వ అధికరణం కొండ దారుల గురించే విడిగా చెబుతుంది. దిగే బండి పక్కకి తప్పుకోవాలి. ఒకే రకం బండ్లయి ఎవరో ఒకరు వెనక్కి వెళ్లక తప్పకపోతే దిగేవాడే వెళ్లాలి, ఎక్కేవాడికి తప్పుకునే జాగా దగ్గర్లో ఉంటే తప్ప. కారణం నడిపేవాళ్లకి తెలిసిందే. ఎక్కే బండి ఒకసారి ఆగితే మళ్లీ కదలడానికి క్లచ్ కాలాలి, పైగా వెనక్కి జారే ప్రమాదం.

మొదటి క్లాసు, నా పొరపాటు

ఇంత స్పష్టంగా కారణాలు దొరికాయి కదా అని నేను తొందరపడ్డాను. మొదటి క్లాసే ఒక చిన్న కొండ మీద పెట్టాను. మూడు కిలోమీటర్ల దిగుడు. ఆయన సెకండ్ గేరులోనే దిగారు, నేను చెప్పినట్టే. కానీ కాలు బ్రేకు మీంచి తియ్యలేదు. "తియ్యండి" అంటే తీస్తారు, మూడు సెకన్లకి మళ్లీ పెడుతున్నారు. బండి వేగం 18. వెనక ఆరు బండ్లు క్యూ కట్టి హారన్లు కొడుతున్నాయి. కిందికి చేరేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. నేర్చుకున్నదేమీ లేదు, భయం ఇంకాస్త పెరిగింది.

అప్పుడు నాకు అర్థమైంది, ఈయన సమస్య కొండ మీద పుట్టలేదని. ఆయన వీడియోలో కనపడ్డ న్యూట్రల్, అతుక్కుని వెళ్లడం, లైట్లు కొట్టి దారి తీసుకోవడం, మూడూ ఊరి రోడ్ల అలవాట్లే. చదును రోడ్డు వాటిని పన్నెండేళ్లు భరించింది. సరిదిద్దాల్సింది కూడా అక్కడే. నా మీద నేనే విసుక్కున్న ఇంకో సంగతి చెప్పాలి. మా కోర్సులో కొండ అంటే హాఫ్ క్లచ్‌తో, హ్యాండ్‌బ్రేకుతో ఎత్తు మీద బండి కదిలించడమే. దిగడం గురించి ఒక్క క్లాసు లేదు. ఎక్కడం రాకపోతే బండి ఆగిపోతుంది, అంతేగా. దిగడం రాకపోతే?

మూడు వారాలు చదును రోడ్డు మీద

తర్వాతి ఆరు క్లాసులు కొండ ఊసే ఎత్తలేదు. మొదటి రెండూ గ్యాప్ కోసమే. స్తంభమో, చెట్టు నీడో, రోడ్డు మీద అతుకో ఎంచుకుని బయటికి లెక్కపెడుతూ నడపాలి. రెండు సెకన్లు, వానైతే నాలుగు. మొదట్లో ఆయన అభ్యంతరం అందరూ చెప్పేదే: "గ్యాప్ వదిలితే ఎవడో ఒకడు దూరతాడు." దూరతాడు. నలభై నిమిషాల్లో ఎంతమంది దూరారో లెక్క రాయమన్నాను. తొమ్మిది మంది. ఒక్కొక్కరికి రెండు సెకన్లు వెనక్కి తగ్గితే మొత్తం నష్టం పద్దెనిమిది సెకన్లు. ఆ లెక్క తర్వాత ఆయన వాదించడం మానేశారు, దూరిన బండిని తిట్టడం మాత్రం మానలేదు.

చేతి అలవాటు మొండిది. గేరు నాబ్‌కి ఒక రబ్బరు బ్యాండు చుట్టాను. సిగ్నల్ దూరంగా కనపడగానే చెయ్యి అటు వెళ్తుంది, బ్యాండు తగులుతుంది, ఆగుతారు. ఎర్ర లైటు కనపడితే యాక్సిలరేటర్ వదిలి గేరులోనే బండిని నెమ్మదించడం, ఫోర్త్ నుంచి థర్డ్‌కి, థర్డ్ నుంచి సెకండ్‌కి దిగుతూ ఆఖర్న మాత్రమే బ్రేకు వాడటం. ఇది బాగా వచ్చాక ఘాట్ దిగడం సగం వచ్చినట్టే. ఇంజన్ బండిని పట్టుకోవడం ఎలా ఉంటుందో భయం లేని చోట కాలికి తెలిసింది.

మలుపుల పని ఒక రౌండ్అబౌట్ చుట్టూ చేశాం. వేగం తగ్గించడం, గేరు మార్చడం రెండూ మలుపుకి ముందే అయిపోవాలి. మలుపులో చేతులు స్టీరింగ్ మీదే ఉండాలి. ఇంకోటి, మలుపు కొయ్యకూడదు. ఆయన మలుపు తిరిగిన ప్రతిసారీ మధ్య గీత మీదికి వెళ్లేవారు. ఊళ్లో అది చిన్న తప్పులా కనపడుతుంది. ఘాట్‌లో వెనక్కి మళ్లినట్టుండే హెయిర్‌పిన్ మలుపు దగ్గర ఎదురుగా లారీ వస్తే, దాని వెనక చక్రాలు తిరగడానికి రోడ్డంతా కావాలి. మన ముక్కు గీత దాటి ఉంటే అక్కడికే వచ్చి తగులుతుంది.

నడుస్తున్న బండికి నాలుగు ఇండికేటర్లూ వేసుకుని వెళ్లే అలవాటు ఈయనకి వానలో ఉండేది. ఎటు తిరుగుతారో వెనకవాడికి తెలియకుండా పోతుందని ఒక్కసారి చెప్తే మానేశారు. అన్నీ ఇంత తేలిగ్గా పోతే నాకు పని ఉండదు.

మళ్లీ అదే ఘాట్

బ్రేక్ ఆయిల్ మార్పించి, గొట్టాల్లో చేరిన గాలి తీయించి, నాలుగో వారం అదే ఘాట్‌కి వెళ్లాం. పొద్దున్నే, ముందు ఖాళీ కారుతో. ఎక్కేటప్పుడు ఏ చోట ఏ గేరు పడిందో నోటితో చెప్పమన్నాను. దిగేటప్పుడు అదే చోట అదే గేరు. పాత డ్రైవర్ల సూత్రం ఇది, కొలతలేమీ అక్కర్లేదు.

బ్రేకు విషయంలో ఒకటే నియమం పెట్టాను. కాలు ఆనించడం లేదు. వేగం 40కి వస్తే గట్టిగా తొక్కి 30కి దించాలి, కాలు పూర్తిగా తీసెయ్యాలి, మళ్లీ 40కి వచ్చేదాకా ముట్టుకోకూడదు. గట్టిగా కొద్దిసేపు తొక్కితే మధ్యలో ఆరడానికి టైం దొరుకుతుంది. నిమిషానికి నాలుగైదు సార్లు తొక్కాల్సొస్తోందంటే ఇంకో గేరు కిందికి దిగాలని అర్థం. ఆటోమేటిక్ కార్లకీ ఇదే వర్తిస్తుంది, ఎల్ అనో 2 అనో ఉన్న స్థానంలో పెట్టాలి, లేదా మాన్యువల్ మోడ్‌లో గేరు దించాలి. ఎలక్ట్రిక్ కార్లలో దిగుడే బ్యాటరీని నింపుతుంది. కానీ కొండ మీదే ఫుల్ చార్జి చేసుకుని బయల్దేరితే ఆ శక్తికి బ్యాటరీలో చోటుండదు, మోటారు పట్టు తగ్గుతుంది.

మూడో కిలోమీటరు దగ్గర ఒక బస్సు వెనకపడ్డాం. ఆయన మెడ నరాలు బిగుసుకోవడం కనపడింది. ఏమీ అనలేదు నేను. ఆయనే పక్కన వెడల్పు చోటు చూసి, సిగ్నల్ ఇచ్చి ఆపి, బస్సు రెండు మలుపులు దాటేదాకా నీళ్లు తాగుతూ కూర్చున్నారు. ఓవర్‌టేక్ చెయ్యడం గురించి ఇద్దరం మాట్లాడుకోలేదు కూడా. ఎదురుగా మలుపుంది, అవతల ఏముందో కనపడదు.

కిందికి చేరాక దిగి, ముందు చక్రానికి జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూడమన్నాను. వెచ్చగా ఉంది, అంతే. వాసన లేదు. నేను పక్క సీట్లో కూర్చుని వేసిన లెక్క ప్రకారం 12 కిలోమీటర్లలో బ్రేకు 26 సార్లు వాడారు. రెండో ట్రిప్పు ఐదుగురితో, సామానుతో చేశాం. అప్పుడు 34. పెద్దాయన ఈసారి నిద్రపోలేదు.

ఆరు నెలల తర్వాత

వీడియోలు పంపమన్నాను, పంపుతున్నారు. న్యూట్రల్ పోయింది. శబ్దం వింటే తెలుస్తుంది. రెండు ఘాట్లు ఇబ్బంది లేకుండా దిగారు, ఒకటి వానలో. ఎక్కే బండికి ఆగి దారివ్వడం మూడు చోట్ల చూశాను.

గ్యాప్ మాత్రం జారిపోతోంది. కొండ మీద మూడు సెకన్లు వదులుతున్న మనిషి ఆఫీసు టైంలో ఊళ్లో సెకనున్నరకి వచ్చేస్తున్నారు, ఆలస్యమైన రోజు ఇంకా తక్కువకి. వచ్చే శనివారం సాయంత్రం ఆరింటికి, ట్రాఫిక్ బాగా ఉండే టైంలో, ఒక క్లాసు పెట్టుకున్నాం. రబ్బరు బ్యాండు మళ్లీ తెమ్మన్నారు, ఈసారి దేనికి చుట్టాలో ఇద్దరికీ ఇంకా తోచలేదు.